మిలాన్‌లో ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ ప్రదర్శన – ఎవరెవరు ఏ పని చూస్తారు?

సాంస్కృతిక విభాగం: అందరికీ నమస్కారం. ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ రొస్సీనీ స్వరపరిచిన ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం. పెద్దవాళ్లు అంతసేపు కూర్చోలేరు, పేరున్న పాటలు నాలుగు వేసి భోజనాలు పెట్టేద్దామన్నారు కొందరు. దయచేసి అలా చెయ్యొద్దు. తెల్లవార్లూ పద్యనాటకాలు చూసి వన్స్‌మోర్ కొట్టిన తరం వాళ్లది. పైగా మనం వేసేది దాన్ని దర్శకుడు పొన్నెల్ 1972లో తీసిన సినిమా. అబ్బాదో నడిపిన, మన మిలాన్ ఒపెరా హౌస్ లా స్కాలా ఆర్కెస్ట్రా, బార్బర్ ఫిగారోగా హెర్మన్ ప్రై, కథానాయిక రోసీనాగా తెరేసా బెర్గాంజా. ఈ ఊళ్లో ఉంటూ ఆ సంగీతాన్ని ముక్కలు చేసి వినిపించడానికి నాకు మనసొప్పడం లేదు.

ఫిగారో పరిచయ గీతం ఒక్కటే వేసినా చప్పట్లు పడతాయి, నిజమే. కానీ అసలు నవ్వు రెండో అంకంలో ఉంది. సంగీతం మాస్టారు బాసీలియోకి ఒంట్లో బాగాలేదు, ఆయన బదులు నేనొచ్చానంటూ, రోసీనాని ప్రేమించిన కౌంట్ (ప్రభువు) మారువేషంలో ఆమె సంరక్షకుడు బార్తోలో ఇంట్లో దూరతాడు. ఫిగారో గడ్డం గీసే సరంజామాతో దిగుతాడు. సరిగ్గా అప్పుడే బాసీలియో నిక్షేపంలా నడిచొస్తాడు! కౌంట్ ఆయన చేతిలో డబ్బు సంచి పెడతాడు. ఇక అందరూ కలిసి జ్వరమొచ్చింది, మొహం పాలిపోయింది, వెళ్లి పడుకోమని ‘బ్వొనా సెరా’ (శుభ సాయంత్రం) పాడి సాగనంపుతారు. మొదటి అంకంలో, చాడీ పిల్లగాలిలా మొదలై ఫిరంగిలా ఎలా పేలుతుందో పాడింది ఈ బాసీలియోనే. అది చూడకపోతే ఇక్కడ నవ్వు రాదు.

ఇంట్లో చూసుకోవడానికి కొన్న డీవీడీని హాల్లో వెయ్యకూడదు. రొస్సీనీ సంగీతం 1816 నాటిదే అయినా ఈ సినిమాకి హక్కుదారులున్నారు. వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి, ఇటలీలో సంగీతం హక్కులు చూసే సంస్థ సియాయె వాళ్లనీ అడగాలి. అది చేతికొచ్చాకే పోస్టరు.

హాలు ఏర్పాట్లు: మధ్యలో భోజనం పెడితే మళ్లీ లోపలికి ఎవరూ రారు వదినా.

సాంస్కృతిక విభాగం: నిజమే తమ్ముడూ. విశ్రాంతిలో గారెలు, కాఫీ చాలు. భోజనం ఆఖర్న. మొదటి అంకమే పెద్దది కాబట్టి అది అయ్యాకే ఆపాలి, మధ్యలో వద్దు.

పిల్లల విభాగం: పిల్లలు ఇక్కడి బడుల్లోనే చదువుతున్నారు, ఇటాలియన్ సబ్‌టైటిల్స్ గడగడా చదివేస్తారు. ఒక్కొక్కరిని ఒక్కో తాతయ్య, అమ్మమ్మ పక్కన కూర్చోబెడదామా?

సాంస్కృతిక విభాగం: తప్పకుండా. తెలుగులో కథ కాయితం నేను రాస్తాను, పెద్దక్షరాల్లో, అంకానికో పేజీ. ఒక్కో అంకం ముందు మైకులో చదవడానికి మంచి గొంతున్నవాళ్లు కావాలి. ఎవరు ముందుకొస్తారు?