చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ ఫ్లైట్‌లో దీవులు కనిపించాలంటే ఏ వైపు కూర్చోవాలి?

గోదారి_గట్టు:
డిసెంబర్‌లో అమ్మానాన్నలతో అండమాన్ వెళ్తున్నాం. పొద్దున్నే చెన్నైలో ఎక్కాలి, ఎయిర్‌బస్ 320. వెబ్ చెక్-ఇన్‌లో సీటుకి విడిగా డబ్బులడుగుతోంది, మూడింటికీ కలిపితే బాగానే వదుల్తోంది, కట్టేదేదో దీవులు కనిపించే వైపే కడదామని. ఒకరు ఎడమ అంటారు, ఇంకొకరు కుడి అంటారు, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు. హావ్‌లాక్ దీవి కూడా పైనుంచి కనిపిస్తుందా?

దీవి_తెలుగోడు:
నేనుండేది పోర్ట్ బ్లెయిర్‌లోనే అండీ, మా పెద్దవాళ్లు సిక్కోలు నుంచి వచ్చారు, ఇక్కడ మనవాళ్లు బోలెడుమంది. వెళ్లేటప్పుడు ఎడమే, అంటే 'ఏ' (A) అక్షరం ఉన్న సీటు. కారణం రన్‌వే. దానికి ఈశాన్యం వైపు కొండ అడ్డం, అందుకని విమానాలు మామూలుగా నైరుతి నుంచి, సముద్రం మీదుగా వచ్చి దిగుతాయి, ఎగిరేటప్పుడూ అటే పోతాయి. మీరు పడమటి నుంచి వస్తారు కాబట్టి చాలాసార్లు ఉత్తర సెంటినెల్ దీవి ఎడమ కిటికీలో పడుతుంది. దాదాపు 60 చదరపు కిలోమీటర్లు, అంతా అడవే, అంచున సన్నటి తెల్ల ఇసుక, దాని బయట లేత ఆకుపచ్చ నీళ్లు, ఎంత వెతికినా ఒక్క ఇంటి కప్పు కనపడదు. దగ్గరికి పడవ కూడా పోనివ్వని దీవి, అందుకే అది కనిపిస్తే మా ఊరివాళ్లం కూడా మెడ సాచి చూస్తాం. ఆ తర్వాత వండూరు దగ్గరి చిన్న దీవులు, తార్ముగ్లీ, రెడ్ స్కిన్ లాంటివి, బాగా కిందకి దిగాక వస్తాయి. కుడివైపు వాళ్లకి రట్లాండ్ దీవి. అదీ బాగుంటుంది కానీ ఒక్కటే పెద్ద దీవి.

హావ్‌లాక్ మీద ఆశ పెట్టుకోకండి, అది ఊరికి ఈశాన్యంలో ఉంది, ఫెర్రీలో చూసుకోవడమే.

రెక్క_మీద_కూర్చున్నోడు:
ఏ వైపు అన్నది సరే, వరుస నంబర్ కూడా చూసుకో బ్రో. 12, 13 ఎమర్జెన్సీ ఎగ్జిట్ దగ్గర కాళ్లకి చోటుంటుందని ఎగబడతారు, కిందకి చూస్తే రెక్క తప్ప ఏమీ ఉండదు. 320లో 7 లోపు అయితే హాయి, లేదంటే బాగా వెనక్కి, 23 దాటాక. వెనక సీట్లలో ఒక్కటే చిక్కు, ఇంజిన్ వేడిగాలి వల్ల ఫొటోలో దీవి వణికినట్టు వస్తుంది. ఆఖరి నిమిషంలో విమానం మార్చి 737 పెడితే మళ్లీ చూసుకో, అందులో రెక్కకి ముందు ఎడమవైపు ఒక వరుసలో కిటికీ ఉండాల్సిన చోట ఉత్త గోడే ఉంటుంది.

మబ్బుల_మామ:
ఎడమకే నా ఓటు కూడా, కానీ నా కారణం ఎండ. డిసెంబర్ పొద్దున సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు, విమానం తూర్పుకి పోతుంది, కుడి కిటికీ వాళ్లకి కళ్లలో కొడుతుంది. తిరుగు ప్రయాణంలో కుడివైపు, ఎఫ్, తీసుకోండి, అప్పుడు నీడ అటు. ఇంకోటి, మేం జూన్‌లో వెళ్తే మబ్బు తప్ప ఏమీ కనపడలేదు, పైగా నైరుతి గాలి తోకవైపు నుంచి కొడుతుంటే దిగడం కష్టమని చాలాసేపు పైనే తిప్పారు, టెన్షన్‌తో చచ్చాం. డిసెంబర్ కాబట్టి మీకా బాధ తక్కువ.

గోదారి_గట్టు:
థాంక్సండీ అందరికీ. చెన్నై దాటగానే కెమెరా తీసి పెట్టుకోమంటారా?

దీవి_తెలుగోడు:
ఎందుకండీ, రెండు గంటల పైచిలుకు ప్రయాణంలో ఎక్కువసేపు నీళ్లే. నిద్రపోండి. కిందకి దిగుతున్నామని చెప్పినప్పుడు లేస్తే చాలు, చూసేదంతా ఆ చివరి పావుగంటలోనే. మాది నేవీ వాళ్ల ఎయిర్‌పోర్టు, చక్రాలు నేల తాకే ముందే ఫోన్ లోపల పెట్టేయండి, అక్కడ ఫొటోలు తీయనివ్వరు. కిటికీ షేడ్ దించమని సిబ్బంది చెప్తే మాత్రం వాదించకండి.

గోదారి_గట్టు:
5ఏ, 5బీ, 5సీ తీసేసుకున్నా. కిటికీ అమ్మకి. నాన్నకి దీవులు అక్కర్లేదట, బాత్రూమ్‌కి లేవడానికి వీలుగా నడవ పక్క సీటు చాలన్నారు.