ఏసీ గ్యాస్ ఏడాదికోసారి "అయిపోవడం" మామూలేనా?

నాగోల్_నాలా_పక్కన:
మాది నాలా పక్క అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ, కొని నాలుగేళ్లు. పోయినేడు గ్యాస్ అయిపోయిందని 2,800 తీసుకుని ఎక్కించి వెళ్లారు. ఈ మే వచ్చేసరికి మళ్లీ అదే కథ, 18లో పెట్టినా గది చల్లబడట్లేదు, లోపలి యూనిట్ మూత తీస్తే కాయిల్‌కి ఒక మూల మాత్రం మంచు పేరుకుని ఉంది. వచ్చినతను చెయ్యి కూడా పెట్టకుండా "గ్యాస్ మేడమ్, ఏడాదికోసారి మామూలే" అన్నాడు. ఇదేమన్నా పెట్రోలా ఖర్చవడానికి? అసలు చల్లదనమే లేనప్పుడు మంచెలా కట్టింది?

గేజ్_బాబాయ్:
ఖర్చవదమ్మా. సీలు చేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఫ్రిజ్‌కి ఏటా ఎక్కిస్తున్నామా? తగ్గిందంటే లీకే.

మిర్చి బజ్జీ బండి దగ్గర సిలిండర్ చూసే ఉంటావు, స్టవ్ ఫుల్లుగా మండుతుంటే దాని అడుగున చెమట పట్టి చేతికి చల్లగా తగులుతుంది. లోపలి ద్రవం ఆవిరవుతూ ఆ వేడిని సిలిండర్ నుంచే లాక్కుంటుంది మరి. ఏసీలోనూ అంతే, కాకపోతే ఆవిరిని మండించకుండా మళ్లీ ద్రవం చేసి తిప్పుకుంటాం. మీ దాంట్లో ఆర్32 రకం గ్యాస్ అయి ఉంటుంది, బయటి యూనిట్ మీద స్టిక్కర్ చూడు. మామూలు గాలి ఒత్తిడిలో అది మైనస్ 52 దగ్గరే మరుగుతుంది, ఒత్తిడి పెంచితే మరిగే డిగ్రీ పెరుగుతుంది, కుక్కర్లో నీళ్లలాగే. లోపలి కాయిల్లో దాదాపు 5 నుంచి 10 డిగ్రీల మధ్య మరిగేలా ఉంచుతారు. గ్యాస్ తగ్గితే ఒత్తిడి పడిపోయి సున్నా కిందే మరుగుతుంది, అదీ మొదటి వరసల్లోనే ఆవిరైపోతుంది. గాలిలో తేమ అక్కడ గడ్డకడుతుంది, మిగతా కాయిల్ ఊరికే ఉంటుంది. మీ మూల మంచు అదే. కాయిల్ మొత్తం కట్టి ఉంటే మాత్రం ముందు ఫిల్టర్ కడగమనేవాణ్ణి.

డాబా_మీద_ఎండ:
బాబాయ్, ఒక డౌట్. వేడి వస్తువు నుంచే కదా చల్లటి దానికి వేడి పోయేది. గదిలో 26, బయట 43. లోపలి వేడి బయటికెలా పోతుంది?

గేజ్_బాబాయ్:
కంప్రెసర్ ఉన్నది అందుకేరా. ఆవిరిని నొక్కి వదిలేసరికి 70 పైనే ఉంటుంది, ఆ గొట్టం ముట్టుకుంటే చెయ్యి కాలుద్ది. దాని ముందు మన 43 చల్లగాలే. బయటి కాయిల్లో వేడంతా వదిలి ద్రవమై, సన్నటి దారి దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడి మళ్లీ చల్లబడుతుంది. ఇది తెలియక చాలామంది బయటి యూనిట్ ముందే బట్టలారేసి, కూలింగ్ లేదని ఫోన్ చేస్తారు.

అత్తాపూర్_ఆఫీస్:
మేడమ్, నాలా పక్కన అన్నారు కాబట్టి చెప్తున్నా. మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని తినేస్తుంది, మూసీ దగ్గర ఉన్నప్పుడు మా కాయిలూ అలాగే పోయింది. లీక్ మూయకుండా ఎక్కించనివ్వకండి. నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి సబ్బు నురగతో వెతకాలి, మూశాక వాక్యూమ్ పంపు పెట్టాలి, గ్యాస్‌ని స్టిక్కర్ మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి ఎక్కించాలి. "గేజ్ చూసి వేసేస్తా" అంటే వద్దనండి. ఆర్32కి కొద్దిగా అంటుకునే గుణం కూడా ఉంది, లోపల గ్యాస్ ఉండగా గొట్టాలు అతికే మంట టార్చ్ వెలిగించనివ్వకండి.

నాగోల్_నాలా_పక్కన:
ఇవాళ వేరే అతన్ని పిలిచి నైట్రోజన్ పెట్టించాను. బయట నట్ల దగ్గర ఏమీ లేదు. లోపలి కాయిల్ పక్కన యూ వంపులకి నురగ రాసి కూర్చుంటే, మూడో వంపు దగ్గర బియ్యపు గింజంత బుడగ ఒకటి నెమ్మదిగా ఉబ్బింది. అక్కడ రాగి మసి పట్టినట్టు నల్లగా ఉంది. కాయిల్ మార్చాలట. వారంటీ కార్డు కోసం బీరువా మొత్తం కిందికి దించాను.