12 మంది టీమ్‌కి కోవర్కింగ్‌లో ఎన్ని సీట్లు తీసుకోవాలి? సంతకానికి ముందు ఏం చూడాలి?

ప్రశ్న
మా టీమ్‌లో 12 మంది. వారానికి మూడు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే. సొంతంగా అద్దెకు తీసుకుంటే ఏళ్ల తరబడి అగ్రిమెంటు, ఇంటీరియర్ ఖర్చు నెత్తిన పడతాయి. అందుకే కోవర్కింగ్ (వేర్వేరు కంపెనీలు ఒకే ఆఫీసులో సీట్లు అద్దెకు తీసుకునే పద్ధతి) వైపు చూస్తున్నాం. డిమాండు బాగా ఉంది, 12 సీట్లూ ఇప్పుడే బ్లాక్ చేసుకోమని ఆపరేటర్ తొందరపెడుతున్నారు. నిజంగా అన్ని కావాలా? కాఫీ మెషీన్, సోఫాలు కాకుండా ఇంకేం చూడాలి?

సీట్ల లెక్క
12 అక్కర్లేదండి. 12 మంది × 3 రోజులు = వారానికి 36 హాజరులు. 8 సీట్లు × 5 రోజులు = 40. ఎనిమిది సరిపోతాయి. కాకపోతే రోజులు ఎవరిష్టానికి వాళ్లకు వదిలేస్తే ఈ లెక్క బోర్లా పడుతుంది: సోమ, శుక్రవారాలు ఖాళీ, బుధవారం పన్నెండు మందీ దిగుతారు. ముందు ఎవరు ఏ రోజులో పట్టిక వేయండి, తర్వాతే సీట్లు. నెలకోసారి అందరూ కలవాలంటే మిగతా నలుగురికి డే పాస్ చాలు.

హాట్ డెస్కులు (ఎవరికీ కేటాయించని, ఏది ఖాళీగా ఉంటే అక్కడ కూర్చునే సీట్లు) మాత్రం ఉన్న కుర్చీల కంటే ఎక్కువ మందికి అమ్ముతారు. అందరూ ఒకేసారి రారన్నదే ధీమా. మోసం కాదు, ఆ వ్యాపారమే అంత. మానిటర్ అక్కడే వదిలి వెళ్లాలంటే తాళం పడే క్యాబిన్ అడగండి.

నెట్‌వర్క్ పని
ఖాళీగా ఉన్న సాయంత్రం చూపిస్తే ఒప్పుకోకండి. ఫ్లోర్ నిండా జనం ఉన్నప్పుడు, మీకిచ్చే సీటులోనే కూర్చుని పది నిమిషాలు ఆగకుండా పింగ్ (చిన్న సందేశాలు పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో, ఎన్ని పోతున్నాయో చూపే పరీక్ష) నడపండి. డౌన్‌లోడ్ వేగం చూసి మురిసిపోవద్దు. అప్‌లోడ్ తగ్గినా, ప్యాకెట్లు (డేటా ముక్కలు) 1 శాతం మించి పోతున్నా వీడియో కాల్ తెగుతూనే ఉంటుంది. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే (1, 6, 11), జనం నిండితే అవి చాలవు. 5 గిగాహెర్ట్జ్ ఉండాలి, డెస్క్ దగ్గర కేబుల్ పోర్ట్ ఉంటే మరీ మంచిది.

క్లయింట్ ఐసోలేషన్ (ఒకే వైఫైలోని పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా చేసే సెట్టింగు) పెట్టి ఉంటే మీ ప్రింటర్ మీకే కనబడదు. పెట్టకపోతే పక్క కంపెనీవాళ్లకీ కనబడొచ్చు. రెంటికీ మందు ఒకటే, మీ క్యాబిన్‌కి వేరే వీల్యాన్ (అదే నెట్‌వర్క్‌లో మీకు మాత్రమే విడదీసిన భాగం). మీ కస్టమర్ సర్వర్‌కి ఐపీ వైట్‌లిస్టింగ్ (ముందే ఒప్పుకున్న ఇంటర్నెట్ చిరునామాల నుంచి వస్తేనే లోపలికి రానివ్వడం) ఉంటే ఇంకా జాగ్రత్త. మామూలుగా ఫ్లోర్ మొత్తం ఒకే పబ్లిక్ ఐపీతో బయటికి వెళ్తుంది. దాన్ని వైట్‌లిస్ట్ చేస్తే పక్కవాళ్లకీ తలుపు తీసినట్టే. మీకంటూ స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి.

గాలి, శబ్దం
క్యాబిన్ గోడ ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోయిందా, పై స్లాబు దాకా వెళ్లిందా చూడండి. ఆగిపోతే అద్దం ఎంత మందంగా ఉన్నా మాట పైనుంచి దాటి పక్కగదిలో దిగుతుంది. ఒకరు లోపల మామూలు గొంతుతో చదవండి, ఒకరు పక్కగదిలో నిలబడండి. గొణుగుడు వినబడితే పర్లేదు. మాటలు అర్థమైతే ఆ గదిలో జీతాల సంగతి మాట్లాడకండి.

గాలికి చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటర్ చాలు. బయట సుమారు 420 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 420) ఉంటుంది. తలుపేసి నలుగురు ముప్పావుగంట కూర్చున్నాక 1000 దాటి ఎక్కుతూనే ఉందంటే బయటి గాలి సరిగా రావట్లేదన్నమాట. మామూలు స్ప్లిట్ ఏసీ చల్లబరుస్తుందే గాని కొత్త గాలి తేదు.

ఫోన్ బూత్‌లూ (ఒక్కరు కాల్ మాట్లాడుకునే చిన్న గదులు) లెక్కేయండి: 8 మందికి రోజుకు రెండేసి గంటల కాల్స్ ఉంటే, 8 గంటల పనిరోజులో ఏ క్షణానైనా సగటున ఇద్దరు కాల్‌లో ఉంటారు. ఉదయం ఇంకా ఎక్కువే.

ప్రశ్న అడిగినవారు
లెక్క బాగా అర్థమైంది, థ్యాంక్సండి. అగ్రిమెంటులో మెలికలు ఎక్కడుంటాయి?

అగ్రిమెంటు
ముందు లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని కనీస గడువు), నోటీసు పీరియడ్ విడివిడిగా చదవండి. మూడు నెలల లాక్-ఇన్ అయ్యాక రెండు నెలల నోటీసు ఇవ్వాలంటే కట్టేది ఐదు నెలలు. లాక్-ఇన్ లోపలే నోటీసు ఇవ్వొచ్చని రాయించుకోండి. గడువు దానంతటదే పొడిగింపవుతుందా, సీట్లు తగ్గించుకోవచ్చా, మీటింగ్ రూమ్ గంటలు వచ్చే నెలకు వస్తాయా, రాత్రిపూట ఏసీకి వేరే బిల్లా అన్నవీ చూడండి.

మీకు చాలావరకు దక్కేది వాడుకునే లైసెన్సే, లీజు కాదు. ఆపరేటరే చాలాచోట్ల అద్దెదారు. దీర్ఘకాలం అద్దెకు తీసుకుని నెలల చొప్పున ఇస్తారు కాబట్టి సీట్లు ఖాళీ అయినా వాళ్ల అద్దె ఆగదు. 2023 నవంబరులో వీవర్క్ అనే పెద్ద కోవర్కింగ్ కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరడానికి ఆ భారమూ ఒక ముఖ్య కారణం. అందుకని డిపాజిట్ వీలైనంత తక్కువ పెట్టండి, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో తేదీతో రాయించండి.