4294967297 ప్రధాన సంఖ్యా కాదా తేల్చడానికి బేస్ 2 ఒక్కటే చాలదా?

శేషగణితం:
2^32 + 1 అంటే 4294967297. ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో ఆయిలర్ 641 × 6700417 అని విడగొట్టాడు. కానీ కారణాంకాల దాకా ఎందుకు? బేస్ 2తో ఫెర్మా పరీక్ష చాలు, అంటే 2ని సంఖ్యకన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి శేషం చూడటం. 2^4294967296ని ఈ సంఖ్యతో భాగిస్తే ప్రోగ్రామ్ శేషం 0 చూపిస్తోంది. ప్రధాన సంఖ్య అయ్యుంటే 1 రావాలి కదా.

పాతలెక్క:
0 రానే రాదండీ. సంఖ్య బేసి, 2 ఘాతాలు దానితో నిశ్శేషంగా ఎలా పోతాయి? చేత్తో వర్గాలు కట్టి చూడండి: 2, 4, 16, 256, 65536, 4294967296. ఐదో వర్గం మన సంఖ్యకన్నా ఒకటే తక్కువ, అంటే శేషం −1. దాని వర్గం 1, ఇక అక్కణ్ణుంచి కదలదు. అంటే బేస్ 2 దీన్ని ప్రధానమనే అంటుంది. మిల్లర్-రాబిన్‌లో (ఫెర్మా పరీక్షకన్నా గట్టి పరీక్ష) బేస్ 2 పెట్టినా ఇదే వరుస, −1 కనబడగానే పాస్.

బిట్లబండి:
ఆ 0 ఓవర్‌ఫ్లో. 64 బిట్ల అన్‌సైన్డ్‌లో గుణించి, తర్వాత శేషం తీస్తున్నారు. 4294967296 వర్గం కచ్చితంగా 2^64, పట్టేదేమో 2^64 − 1 వరకే, అందుకే పై బిట్టు పోయి 0 మిగులుతోంది. తమాషా ఏంటంటే, ఈ సంఖ్యకి వచ్చే శేషాల్లో ఏ రెండింటిని గుణించినా 64 బిట్లలో సరిపోతుంది, ఈ ఒక్క వర్గం తప్ప! మీ లెక్క సరిగ్గా దానిమీదే కాలేసింది. లబ్ధాన్ని 128 బిట్లలో పెట్టండి, 1 వస్తుంది.

శేషగణితం:
0 తప్పే, ఒప్పుకుంటున్నా. అయినా ప్రధానం కాదన్న చివరి జవాబు సరైందే కదా?

పాతలెక్క:
జవాబు కుదిరింది, పరీక్ష కుదరలేదు. బేస్ 3 పెట్టండి: 3^4294967296 శేషం 3029026160. 1 కాదు, కాబట్టి సంయుక్తమే. నమ్మకం కుదరకపోతే 641తో సరిచూసుకోండి. 641 ప్రధానం కాబట్టి అక్కడ 3^640 శేషం 1, ఘాతాన్ని 640తో భాగించి శేషం ఉంచుకుంటే చాలు, 256 మిగులుతుంది, అంటే ఎనిమిది వర్గాలు. వర్గాలు: 3, 9, 81, 151, 366, 628, 169, 357, 531. 3029026160ని 641తో భాగించినా 531 వస్తుంది.

బిట్లబండి:
ప్రోగ్రామ్‌కైతే 2, 7, 61 మూడింటితో మిల్లర్-రాబిన్ పెట్టుకోండి. 4759123141 కంటే చిన్నదైన ఏ సంయుక్త సంఖ్యా ఆ మూడింటినీ దాటలేదు.

శేషగణితం:
మూడు పరీక్షల కన్నా భాగహారమే చవకేమో?

పాతలెక్క:
ఈ సంఖ్య వరకూ చవకే. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 128 గుణిజానికి 1 కలిపినట్టే ఉండాలి. 129, 257, 385, 513, 641లో ప్రధానాలు రెండే. 257 కూడా ఫెర్మా సంఖ్యే (2^8 + 1; ఘాతం 2 ఘాతమే అయి, 1 కలిపినవి ఫెర్మా సంఖ్యలు), రెండు ఫెర్మా సంఖ్యలకి ఉమ్మడి కారణాంకం ఉండదు, కొట్టేయండి. మొదటి భాగహారానికే 641 దొరికింది. మిగిలిన 6700417 వర్గమూలం 2588 చిల్లర. అంతలోపు చూడాల్సినవి 641, 769, 1153, 1409 మాత్రమే. శేషాలు 44, 120, 334, 622. అది ప్రధానం.