బేస్ గిటార్‌కి ఎత్తు మార్చుకునే నట్ వేయించినవారున్నారా?

నమస్కారమండీ, మాది విజయనగరం. నా బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ, వేలు పెట్టకుండా మీటితే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్లో మొదటిదానికి, అంటే మొదటి ఫ్రెట్‌కి, తగిలి జర్రుమంటోంది. అదే ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే శుభ్రంగా పలుకుతోంది. అంటే నట్‌లో, అదే మెడ పైకొసన తీగలు ఆనుకునే పట్టీలో, గాడి అరిగి లోతైపోయినట్టే. సూపర్ గ్లూ, వంటసోడా వేసి పూడ్చమంటున్నారు గానీ, అంత లావు తీగ రాపిడికి అది ఎన్నాళ్లు నిలుస్తుందండీ?

వార్విక్ కంపెనీ బేస్‌లకి వచ్చేలాంటి, స్క్రూతో ఎత్తు సరిచేసుకునే నట్ వేయిద్దామని ఉంది. నాది 38 మిల్లీమీటర్ల వెడల్పు నట్. అది కూర్చునే గాడి మాత్రం బాగా సన్నం, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో పడుతుందా, కలప చెక్కాలా? చెక్కాలంటే గిటార్ మెడ మీద ఎవరిని పడితే వాళ్లని చెయ్యి వెయ్యనివ్వలేను. బొబ్బిలిలో పనస కర్రతో వీణలు చేసేవారు ఇలాంటి పని ఒప్పుకుంటారా? విశాఖలో తెలిసినవారున్నా చెప్పండి, వస్తాను.