పీహెచ్‌డీ చేస్తూ బడులకీ, రైతు సభలకీ వెళ్లొచ్చా?

మిర్యాలగూడ అమ్మాయి:
అందరికీ నమస్కారం. మొక్కల తెగుళ్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో సంవత్సరం. నా పని వరిలో బాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులు మీద. మా నాన్న సాంబమసూరి వేస్తారు. సెలవులకి ఇంటికెళ్తే చుట్టుపక్కల రైతులు ఆకులు తెంపుకొచ్చి చూపిస్తారు. ఊరి హైస్కూల్లో పిల్లలకి ఏదైనా చెప్పమని హెడ్మాస్టర్ గారు అడుగుతారు. నాకూ ఇష్టమే. ల్యాబ్‌లో సీనియర్లు మాత్రం "ముందు పేపర్లు, ఇవన్నీ ఉద్యోగం వచ్చాక" అంటున్నారు.

ఇంకో టెన్షన్ ఏంటంటే, 2025 మేలో జన్యువును సవరించి చేసిన 'కమల' వరిని ప్రకటించినప్పటి నుంచి కనిపించినవాళ్లందరూ "అది జీఎం (జన్యుమార్పిడి) బియ్యమా?" అని అడుగుతున్నారు. నాలాంటి స్టూడెంట్ దీని మీద మాట్లాడొచ్చా?

ఏఆర్‌ఎస్ ప్రిపరేషన్:
సీనియర్లు చెప్పింది నిజమే. వ్యవసాయ శాస్త్రవేత్త ఉద్యోగాల ఇంటర్వ్యూలో థీసిస్, పేపర్లే అడుగుతారు. ముందు థీసిస్ పూర్తి చేయండి, బడికి ఎప్పుడో ఓ శనివారం వెళ్లండి చాలు.

డెల్టా మేడం:
థీసిస్‌కి టైం కాపాడుకోవాలన్న మాట వరకు నేనూ ఒప్పుకుంటాను. "ఇవన్నీ తర్వాత" అన్నదే ఒప్పుకోను. నేను వరి తెగుళ్ల శాస్త్రవేత్తని. మీరు పనిచేసేదీ నేను పనిచేసే తెగులు మీదే కాబట్టి దానితోనే చెప్తాను.

సాంబమసూరి, అంటే మన బీపీటీ 5204, 1986లో బాపట్ల నుంచి వచ్చింది. సన్న గింజ, మంచి అన్నం, మార్కెట్లో రేటు, అన్నీ ఉన్నాయి. ఎండాకు తెగులు తగిలితే మాత్రం తట్టుకోలేదు. తెగులును తట్టుకునే వేరే రకాలు ఇస్తామంటే రైతు తీసుకోడు. గింజ కాస్త లావైనా మిల్లరు ధర తగ్గిస్తాడు. ఈ సంగతి ల్యాబ్‌లో కూర్చుంటే తెలియదు. రైతుతో, మిల్లరుతో మాట్లాడినప్పుడే అసలు పరిశోధన ప్రశ్న బయటపడుతుంది: సాంబమసూరి సాంబమసూరిలాగే ఉండాలి, తెగులు మాత్రం రాకూడదు.

హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి చేసింది ఇదే. ఈ తెగులును తట్టుకునే శక్తినిచ్చే ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21 అనే మూడు జన్యువుల్ని సంకరం చేసి తెచ్చారు. ఆ వచ్చిన మొక్కల్ని మళ్లీ మళ్లీ సాంబమసూరితోనే కలుపుతూ గింజ గుణం నిలబెట్టారు. జన్యువు ఒక్కటే అయితే బాక్టీరియా ఎప్పుడో ఒకప్పుడు దాన్ని దాటేస్తుంది. మూడింటినీ ఒకేసారి దాటడం దానికి చాలా కష్టం. అయితే రెండు జన్యువులున్న మొక్క, మూడున్న మొక్క పొలంలో ఒకేలా పచ్చగా కనిపిస్తాయి. లేత ఆకు ముక్క తీసి డీఎన్‌ఏ మార్కర్లతో (ఏ జన్యువు ఉందో చూపే గుర్తులతో) చూస్తేనే ఏది ఏదో తెలుస్తుంది. అలా మెరుగుపరిచిన సాంబమసూరి 2008లో విడుదలైంది.

ఇక కమల గురించి. మాట్లాడండి, కానీ మూడు పనుల్ని విడివిడిగా చెప్పండి. మెరుగైన సాంబమసూరి సంకరం వల్ల వచ్చింది, అందులో మార్కర్లు గుర్తుపట్టడానికే. 2002లో మన దేశంలో అనుమతి వచ్చిన బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువు ఉంది. కమలను కూడా సాంబమసూరి నుంచే చేశారు, అయితే అందులో బయటి జన్యువు పెట్టలేదు, వరి సొంత జన్యువునే ఒకచోట సవరించారు. ఇలాంటి సవరణలకు 2022లో జీఎం నిబంధనల్లో కొన్నింటి నుంచి మినహాయింపు ఇచ్చారు. ఇంతవరకు చెప్పడం మీ చదువు మీకిచ్చిన హక్కు, బాధ్యత కూడా.

ఆ మినహాయింపు సరైనదేనా, విత్తనం మీద పేటెంటు ఎవరిది, ఇవి వేరే ప్రశ్నలు. వీటి మీద రైతుకీ మీకూ మాట సమానమే. 2010లో బీటీ వంకాయ సాగును అనుమతించాలా అన్నదాని మీద హైదరాబాద్‌తో సహా చాలా నగరాల్లో బహిరంగ విచారణలు జరిగాయి, ఆ ఫిబ్రవరిలోనే దాన్ని ఆపేశారు. సీసీఎంబీని స్థాపించిన పుష్పమిత్ర భార్గవ గారు జీవితమంతా అణు జీవశాస్త్రంలో పనిచేసినవారే, అయినా జీఎం పంటల మీద గట్టిగా అభ్యంతరం చెప్పారు. అదే రంగంలోని మరికొందరు ఆయనతో విభేదించారు. ఆ వాదన జనం ముందు జరగడం మంచిదే అని నా అభిప్రాయం. మీ అభిప్రాయం మీరూ చెప్పండి. ఏది డేటా, ఏది మీ అభిప్రాయం అన్నది మాత్రం వినేవాళ్లకి తెలిసేలా చెప్పండి.

బడికి స్లైడ్లు అక్కర్లేదు. అంచు వెంట అలలాగా పసుపెక్కుతున్న ఆకు తీసుకుని, పసుపు పచ్చదనం కలిసేచోట కత్తెరతో కోయండి. గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, కోసిన కొన నీళ్లలో మునిగేలా పట్టుకుని వెలుతురుకి ఎదురుగా చూపించండి. కొన్ని నిమిషాల్లో కోసినచోటి నుంచి పాలలాంటి సన్నటి దారం కిందికి దిగుతుంది. అదంతా బాక్టీరియాయే. "అంచు నుంచే ఎందుకు మొదలవుతుంది?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆకు అంచున నీటి రంధ్రాలుంటాయి, బాక్టీరియా వాటిగుండా, గాలివానకి ఆకులు రాసుకున్నప్పుడు పడే గాయాలగుండా లోపలికెళ్తుంది. నాటేటప్పుడు నారు కొసలు తుంచొద్దని రైతులకు చెప్పేదీ అందుకే.

మిర్యాలగూడ అమ్మాయి:
చాలా థ్యాంక్స్ మేడం. ఇంకొక్కటి. మా ఊళ్లో ఆకు పసుపెక్కగానే షాపువాళ్లు స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు ఇస్తున్నారు. నాన్న వాళ్ల వాట్సాప్ గ్రూపులో దీని గురించి రాయొచ్చా?

డెల్టా మేడం:
తప్పకుండా రాయండి. అందులో ఉన్నవి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. రెండూ మనుషులకు వాడే మందులు, మొదటిది టీబీకి కూడా వాడతారు. పొలంలో ఇష్టం వచ్చినట్టు కొడితే బాక్టీరియా వాటికి అలవాటు పడుతుంది. కొట్టొద్దని చెప్పి వదిలేస్తే రైతు వినడు, ఏం చేయాలో కూడా రాయాలి. యూరియా వెంటనే ఆపాలి. నీళ్లు తీసేసి మడి ఆరబెట్టాలి. తెగులున్న మడి నీళ్లు పక్క మడిలోకి పోనివ్వకూడదు. యూరియా ఎక్కువైన చోటే ఇది చెలరేగుతుందని ఫోటోతో సహా పెట్టండి, మీ నాన్నగారి పొలంలోదైతే ఇంకా నమ్ముతారు.

బయాలజీ టీచర్, ఖమ్మం:
మేడం, మా పిల్లల చేత ఆ గ్లాసు ప్రయోగం చేయిస్తాను. పిల్లల సైన్స్ కాంగ్రెస్ ప్రాజెక్టుకి కూడా బాగుంటుంది. పోషకలోపంతో పసుపెక్కిన ఆకుని ఎలా వేరుచేయాలి?

డెల్టా మేడం:
మూడు గ్లాసులు పెట్టించండి సార్. ఒకదానిలో తెగులు ఆకు, ఒకదానిలో పోషకలోపం ఆకు, ఇంకోదానిలో మంచి ఆకు. పాల దారం మొదటిదాంట్లోనే రావాలి. ఏ గ్లాసులో ఏముందో చూసేవాళ్లకి ముందే చెప్పొద్దు, చూసింది రాసుకున్నాకే చెప్పండి. ఆకులు ఆ ఉదయమే కోసినవి తెప్పించండి, ఎండిపోయినవి పనికిరావు. అయ్యాక నీళ్లు మరిగించి పారబోయండి, పొలం కాలవలో పోయొద్దు.