చీగాంగ్‌లో భూమి నుంచి యిన్ శక్తి: వట్టి కాళ్లతోనే చేయాలా?

కృష్ణాతీరం: ఆన్‌లైన్ చీగాంగ్ (శ్వాస, భంగిమ, ఏకాగ్రత కలిపి చేసే చైనా సాధన) క్లాసులో ఝాన్ ఝువాంగ్ అనే నిలబడే పద్ధతి మొదలుపెట్టారు. మోకాళ్లు కొద్దిగా వంచి, చెట్టును వాటేసుకున్నట్టు చేతులు పెట్టి కదలకుండా నిలబడాలి. అరికాలిలోని యోంగ్‌చువాన్ బిందువు నుంచి భూమి యిన్ శక్తి, అంటే చల్లని, నెమ్మదైన శక్తి ఎక్కి, బొడ్డు కింద దాంతియెన్ అనే శక్తి కేంద్రంలో చేరుతోందని భావించమన్నారు. నేనుండేది ఏడో అంతస్తు. టైల్స్ మీద చేస్తే ఫలితం ఉంటుందా, పార్కుకు వెళ్లాలా?

మట్టివాసన: పార్కుకే వెళ్లండి, చెప్పులు విప్పి చేయండి. ఈ విద్యలో ఆకాశం యాంగ్, అంటే వేడి, చురుకైన శక్తి; భూమి యిన్. మూత్రపిండాల నాడి (నాడి అంటే ఇక్కడ ఒంట్లో శక్తి పారే దారి) మొదలయ్యేదే యోంగ్‌చువాన్‌లో. కాలేయం, ప్లీహం నాడులు బొటనవేలి దగ్గర పుడతాయి. మూడూ యిన్ నాడులే, మూడూ కాలి లోపలివైపు నుంచి పైకి పోతాయి. మధ్యలో రబ్బరు, సిమెంటు ఉంటే ఏం అందుతుంది?

రాత్రి డ్యూటీ: చైనా పార్కుల్లో పొద్దున్నే చేసేవాళ్లలో ఎక్కువమంది కాళ్లకు బూట్లే ఉంటాయి. నిలబడేది కూడా చాలాచోట్ల పరిచిన రాళ్ల మీదే.

మట్టివాసన: వాళ్లది వ్యాయామం. నేను చెప్పేది సాధన.

ఉదయం నడక: ఎండాకాలం అయితే ఏడులోపే వెళ్లండి. తర్వాత బండలు కాలుతాయి.

రాత్రి డ్యూటీ: సాధన గురించే మాట్లాడదాం. ఇచువాన్ అనే చైనా యుద్ధకళను స్థాపించిన వాంగ్ షియాంగ్‌జాయ్ శిక్షణంతా నిలబడటం మీదే కట్టాడు. ఆయన పట్టించుకున్నది మనసు, ఒంటి సడలింపు. 1950లలో చైనాలో ల్యూ గ్వేజెన్ చీగాంగ్‌ను శానటోరియాల్లో, అంటే రోగులు ఉండి కోలుకునే కేంద్రాల్లో, చికిత్సగా నేర్పించాడు. అక్కడ కూడా ముఖ్యం శ్వాస, విశ్రాంతి, ఏకాగ్రత. కాళ్లు వణకడం, అరికాళ్లు వేడెక్కడం మట్టి మీదే కాదు, ఏ నేల మీదైనా జరుగుతాయి. ఒంటి బరువు మోస్తున్న కండరాల పని అది.

మట్టివాసన: అంటే అంతా ఊహ అంటారు, అంతేగా? అమ్మ పోయాక నాకు నిద్ర లేదు. తలంతా వేడి. మాత్రలు వేసుకున్నా అదే పరిస్థితి. పెరట్లో మట్టి మీద నిలబడి, ఆ చల్లదనం పైకి వస్తోందని భావించడం మొదలుపెట్టాక నిద్ర పట్టింది. ఇప్పుడు మీరొచ్చి కండరాలు అంటున్నారు.

రాత్రి డ్యూటీ: మీ నిద్రను నేను కాదనలేదు.

మట్టివాసన: కాదన్నట్టే రాశారు. పైకి వెళ్లి చదువుకోండి.

సాధకుడు: ఇద్దరూ కాస్త ఆగండి. అడిగినాయన ప్రశ్న ఎటో పోయింది.

రాత్రి డ్యూటీ: ఆగను. మా నాన్నకు షుగర్, పాదాల్లో స్పర్శ సగం పోయింది. ఒక గురువు మీలాగే చెప్పులు తీయాల్సిందే అన్నాడు. పెంకు గుచ్చుకున్నా ఆయనకు తెలియలేదు. పుండు పడి రెండు వేళ్లు తీసేశారు. యిన్ ఉందా లేదా అన్నది నాకు అక్కర్లేదు. ఎదుటివాళ్ల ఒంట్లో ఏముందో అడగకుండా ‘తీయాల్సిందే’ అంటారు చూడండి, నా గొడవంతా దానితోనే.

మట్టివాసన: మీ నాన్నగారికి అలా జరగడం చాలా బాధాకరం. ఆ గురువు అడగాల్సింది. దానికి భూమి ఏం చేసింది? నాకు దక్కిన ఒక్క ఆసరాను భ్రమ అంటే నేనూ ఊరుకోను.

కృష్ణాతీరం: ఒక విషయం చెప్పలేదు. నాకూ షుగరే, ఈమధ్య పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. యిన్ శక్తి వస్తే తిమ్మిరి పోతుందని క్లాసులో అన్నారు. అందుకే అడిగాను.

రాత్రి డ్యూటీ: ముందు డాక్టరుకు పాదాలు చూపించండి. స్పర్శ పరీక్ష చేస్తారు. తిమ్మిరి పోతుందన్న ఆ మాట మీద మందులు ఆపకండి. ఎక్కువసేపు కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరగవచ్చు కాబట్టి గోడ దగ్గర, తక్కువసేపు చేయండి.

మట్టివాసన: డాక్టరు చెప్పులు విప్పొద్దంటే విప్పకండి. కుర్చీలో కూర్చుని చేసే పద్ధతులూ ఉన్నాయి.

రాత్రి డ్యూటీ: కుర్చీలో బూట్లతో పనిచేస్తే, మొదట సిమెంటు అడ్డమని ఎందుకన్నారు?

మట్టివాసన: ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మట్టే మేలు. ఆ మాట మార్చను.

కృష్ణాతీరం: సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. క్లాసులో కూడా ఈ మాట అడుగుతాను.